లాకులు ఉన్నాయి, పడవలేవి?

గోదావరి జిల్లాల్లో లాకులంటే ఏమిటని ఎవరూ అడగరు. బస్సు కండక్టరు ‘లాకులూ, లాకులూ’ అని అరిస్తే దిగాల్సినవాళ్ళు సంచులు సర్దుకుంటారు. లొల్ల లాకులు, చొప్పెల్ల లాకులు, ధవళేశ్వరం లాకులు, కృష్ణ దాటి వెళితే దుగ్గిరాల లాకులు. కొన్నిచోట్ల సినిమా పాటలు తీశారు, వేసవిలో పిల్లలు గట్టు మీంచి దూకుతారు. అయితే లాకుల దగ్గర నిలబడి మనం ఫొటోలు తీసుకునే ఆ నురగల నీళ్ళు లాకువి కావు. అవి పక్కనున్న డ్రాపువి, అంటే కాలువ నీటిని పై మట్టం నుంచి కింది మట్టానికి దించే అడ్డుకట్టవి. అసలు లాకు దాన్ని ఆనుకుని, రెండు గోడల మధ్య ఇరుకు సందులా, గుర్రపుడెక్క పట్టి, చప్పుడు చేయకుండా ఉంటుంది. దాని పని పడవల్ని ఎక్కించడం, దించడం. పడవలు రావు కాబట్టి దానికి పనీ లేదు.

మా ఊరు అలాంటి ఒక లాకు పక్కనే. నా చిన్నప్పుడు కొబ్బరికాయల పడవో, గడ్డి పడవో ఎప్పుడైనా ఒకటి వచ్చేదట. అదేం ఖర్మో, అది నేను బళ్ళో ఉన్నప్పుడే వచ్చేది. చివరికి అరవై దగ్గర పడ్డాక మొదటిసారి పడవలో కూర్చుని లాకు దాటాను. అదీ అమెరికాలో, మిసిసిపీ నది మీద. అప్పట్నుంచీ ఒక ప్రశ్న పట్టుకుంది. అదే లాకు, అదే సూత్రం. అక్కడ బతికింది, ఇక్కడ ఎందుకు చచ్చింది? రైలొచ్చింది, పడవ పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. అందులో నిజం సగమే.

మా మేనల్లుడు మినియాపొలిస్‌లో ఉంటాడు. ఒక జులై నెలలో వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, శనివారం పూట వబాషా అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక అల్యూమినియం పడవ అద్దెకి తీసుకున్నాం, వెనక చిన్న మోటారు. దిగువకి పన్నెండు కిలోమీటర్లు వెళితే ఆల్మా అనే ఊరు. అక్కడుంది మిసిసిపీ మీద నాలుగో నంబరు లాకు. “మావయ్యా, లాకు దగ్గర అరగంట పడుతుందో, మూడు గంటలు పడుతుందో నేను చెప్పలేను. టోపీ తీయకండి” అన్నాడు వాడు.

వాడు భయపడ్డట్టే అయింది. మేం వెళ్ళేసరికి ఎర్రలైటు. లాకు గోడ చివర చిన్న పడవల వాళ్ళ కోసం ఒక తాడు వేలాడుతుంది, అది లాగితే లోపల గంట మోగుతుంది. లాగాం. దూరంగా ఉండమని మైకులో చెప్పారు. మాకంటే ముందు ఒక సరుకుల రైలుబండి ఉంది. రైలుబండి అని ఊరికే అనడం లేదు. బార్జీ అంటే ఇంజను లేని, అడుగు చదునుగా ఉండే సరుకుల పడవ. అలాంటివి మూడేసి ఉన్న వరసలు అయిదు, అంటే 15 బార్జీలని ఉక్కుతాళ్ళతో ఒక్కటిగా బిగించి, వెనకనుంచి ఒకే టగ్ పడవ తోస్తోంది. పొడవు 350 మీటర్ల దాకా ఉంటుంది. లాకు గది పొడవు 183 మీటర్లే. అందుకని ముందు తొమ్మిది బార్జీలు విప్పి లోపలికి పంపి, వాటిని దించి, మళ్ళీ నీళ్ళు నింపి, మిగిలిన ఆరింటినీ టగ్‌నీ దించి, అవతల మళ్ళీ కట్టుకుంటారు. గంటన్నర పైనే పట్టింది. వాళ్ళ వరస వాళ్ళది. ప్రభుత్వ పడవలు, ప్రయాణికుల పడవలు, సరుకుల పడవలు, అన్నీ పోయాక మాలాంటి షికారు రాయుళ్ళు.

తర్వాత పచ్చలైటు వెలిగింది. 33 మీటర్ల వెడల్పు, 183 మీటర్ల పొడవున్న ఆ గదిలోకి మేమిద్దరమే వెళ్ళాం. కల్యాణ మండపంలోకి రెండు చీమలు పోయినట్టుంది. పైనుంచి లాకు మనిషి రెండు తాళ్ళు వదిలి, “కట్టొద్దు, పట్టుకోండి” అన్నాడు. ఎందుకో కాసేపటికి అర్థమైంది. నీళ్ళు దిగుతున్నకొద్దీ పడవా దిగుతుంది. తాడు పడవకి ముడేస్తే నీళ్ళు కిందికి పోయి పడవ గోడకి వేలాడుతుంది. కాబట్టి అరచేతిలో తాడు కొంచెం కొంచెం జారనివ్వాలి. మోటారు ఆపేశాం. చప్పుడు లేదు, అల లేదు. గోడ మాత్రం మెల్లగా ఎత్తవుతోంది. అప్పటిదాకా నీళ్ళలో ఉన్న గోడ, పాచి పట్టి, చన్నీళ్ళ వాసనతో చెయ్యి పక్కనే పైకి లేస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే ఎగువ తలుపులు రెండూ కలిసేచోట నిలువు గీతలా సన్నగా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ తలుపుల వెనక మిసిసిపీ నది ఉందన్నమాట. పది నిమిషాలు పట్టిందేమో, ఏడడుగులు కిందికి వచ్చాం. ముందు తలుపులు తెరుచుకున్నాయి. బయటికొచ్చాం. ఎవరూ ఒక్క డాలరు అడగలేదు.

ఒడ్డునే, ఊరికీ నదికీ మధ్య, ఒక గూడ్సు రైలు పోతోంది. వబాషా వైపు గట్టు మీద కూడా పట్టాలున్నాయి. రెండు పక్కలా రైళ్ళున్న నదిలో సరుకుల పడవలకి క్యూ. అందుకే రైలు కథ సగమే నిజమన్నాను.

ఇక్కడ లాకు పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. లాకంటే రెండు పక్కలా తలుపులున్న గది. కింది నుంచి పైకి పోవాలంటే పడవ దిగువ తలుపుల్లోంచి లోపలికొస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ఎగువ నీటిని తూముల్లోంచి గదిలోకి వదులుతారు. గదిలో నీళ్ళు పెరుగుతాయి, పడవ తేలుతూ పైకొస్తుంది. గది మట్టం, ఎగువ మట్టం ఒకటయ్యాక ఎగువ తలుపులు తెరుస్తారు. దిగేటప్పుడు ఇదే తిరగేసి. పంపు అక్కర్లేదు, నీళ్ళు వాటి బరువు మీద అవే పారతాయి. మనుషులు చేసేదల్లా తూము ఎత్తడం, తలుపు తీయడం.

తలుపులు తీసేదెప్పుడన్నది కూడా నీళ్ళే నిర్ణయిస్తాయి. మూడు మీటర్ల వెడల్పున్న తలుపుకి ఒకవైపు నీళ్ళు రెండు మీటర్లు ఎక్కువగా ఉన్నాయనుకోండి. దాని మీద పడే తోపు కనీసం ఆరు టన్నుల బరువుతో సమానం. ఊరంతా కలిసి లాగినా కదలదు. రెండు మట్టాలూ సమానమైన క్షణంలో మాత్రం ఇద్దరు మనుషులు దూలం పట్టుకుని తోస్తే చాలు. ఆ రెండు తలుపుల్నీ సూటిగా కాకుండా, ఎగువ వైపుకి మొన తేలి ఉండేలా బిగిస్తారు. ఎగువ నీరు ఎంత గట్టిగా తోస్తే అవి అంత గట్టిగా ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఈ మొన తలుపుల ఆలోచన 15వ శతాబ్దం చివర్లో మిలాన్ కాలువల మీద వచ్చింది, లియొనార్డో డావిన్చీ పేరు చెబుతారు. రెండు తలుపుల మధ్య గది అన్న ఆలోచన అంతకంటే పాతది. చైనాలో 984లో చియావో వెయ్‌యుయే అనే అధికారి కట్టించాడు. అంతకుముందు పన్ను ధాన్యం పడవల్ని ఏటవాలు గట్ల మీదుగా తాళ్ళతో ఈడ్చేవాళ్ళు. పడవలు పగిలేవి, ఆ సందట్లో ధాన్యం మాయమయ్యేది. దొంగతనం ఆపడానికి పుట్టిన యంత్రం ఇది అన్నా తప్పులేదు.

సరే, మిసిసిపీకి ఈ మెట్లు ఎందుకు? మినియాపొలిస్ నుంచి సెయింట్ లూయిస్ దగ్గరికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నది 125 మీటర్లకి పైగా దిగుతుంది. పూర్వం వేసవిలో చాలాచోట్ల మోకాలి లోతు, ఇసుక మేటలు, రాళ్ళు. 1930లో అమెరికా కాంగ్రెస్ ఆ నదిలో ఎప్పుడూ తొమ్మిదడుగుల లోతు ఉండేలా చూడాలని నిర్ణయించింది. ఆ దశాబ్దంలోనే చాలా ఆనకట్టలు, లాకులు లేచాయి. మొత్తం 29 చోట్ల. నది మెట్ల మెట్లుగా నిలిచిన చెరువుల వరస అయింది. ఈ ఆనకట్టలు వరదలు ఆపడానికి కట్టినవి కావు. వరదొస్తే గేట్లన్నీ నీళ్ళలోంచి పైకెత్తేస్తారు, నది తన దారిన తాను పోతుంది. సాగునీటి కోసం కట్టినవీ కావు. పడవ అడుగు నేలకి తగలకూడదు, అంతే. ఒక నదిని పడవకి అప్పగించారు.

ఈ ముక్క గుర్తుపెట్టుకుని మళ్ళీ మా ఇద్దరి ప్రయాణానికి రండి. ఆ గది కొలతల్ని ఏడడుగుల దిగుడుతో లెక్కేస్తే, మమ్మల్ని దించడానికి వదిలిన నీళ్ళు కోటి పాతిక లక్షల లీటర్ల పైనే. ఇద్దరు మనుషులు, ఒక పులిహోర డబ్బా ఉన్న పడవ కోసం! ఎవరికీ నష్టం లేదు. ఆ నీళ్ళు ఎలాగూ కిందికి పోయేవే, కాసేపు మా కింద నుంచి పోయాయి. ఇదే పని మా ఊరి లాకు దగ్గర నాట్ల రోజుల్లో చేసి ఉంటే, లాకు లస్కరుని రైతులు అదే లాకులో ముంచేవాళ్ళు. మన కథ మొత్తం ఇక్కడే ఉంది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. మన కూడళ్ళలో గుర్రమెక్కిన విగ్రహాలు ‘నీళ్ళిచ్చిన దొర’వి. దొర బుర్రలో మాత్రం నీళ్ళతోపాటు పడవలూ ఉన్నాయి. 1872లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు ఆయన వాదన ఏమిటంటే, ఇండియాకి కావలసింది నీటి రవాణా, రైళ్ళు ఆ పని చేయలేకపోయాయి అని. మట్టి రోడ్డు మీద ఎడ్లబండి లాగలేని బరువుని నిలకడ నీటి మీద ఇద్దరు ముగ్గురు మనుషులు తాడు కట్టి లాగేస్తారు. అలాంటి దేశంలో ఎలాగూ కాలువలు తవ్వుతున్నప్పుడు వాటిలో పడవలు ఎందుకు నడపకూడదు? లెక్కకి తిరుగులేదు. అందుకని ప్రధాన కాలువలన్నిటికీ డ్రాపు పక్కన లాకు పెట్టారు. ఆనకట్ట దగ్గర నీటి మట్టం సముద్రానికి పదమూడు మీటర్ల పైచిలుకు ఎత్తు, కాకినాడ యాభై కిలోమీటర్లు. ఆ ఎత్తంతా వాలుగా వదిలేస్తే నీళ్ళు ఉరకలేసి మట్టిగట్లు కోసుకుపోతాయి. అందుకని కాలువని కొంచెం వాలుతో పోనిచ్చి, మిగిలిన ఎత్తుని అక్కడక్కడా ఒక్కసారిగా దించారు. ఆ దించిన ప్రతిచోటా ఇవాళ మన బస్టాపు ఉంది.

ఈ కాలువలన్నీ కలిస్తే కాకినాడ నుంచి మద్రాసు దాటి దాకా దారి. మ్యాపు ముందు పెట్టుకుని ఆ ప్రయాణం ఊహించడం నాకొక సరదా. కాకినాడ నుంచి లాకు తర్వాత లాకు ఎక్కుతూ ధవళేశ్వరం. అక్కడ హెడ్ లాకులోంచి బయటపడి, ఆనకట్ట పైన నిండుగా ఉన్న గోదావరిని అడ్డంగా దాటి అవతల విజ్జేశ్వరం లాకు. అక్కణ్ణించి ఏలూరు కాలువలో దిగుడు. ఏలూరు ఒక లోయలాంటిది. గోదావరి నీళ్ళు ఇటునుంచీ, కృష్ణ నీళ్ళు అటునుంచీ వచ్చి అక్కడ కలుస్తాయి. కాబట్టి ఏలూరు దాటాక మళ్ళీ బెజవాడ దాకా ఎక్కుడు. కృష్ణని దాటి సీతానగరం వైపు వెళితే కొమ్మమూరు కాలువ, 113 కిలోమీటర్ల దిగుడు. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకుంటుంది, అక్కణ్ణించి మద్రాసు మూడు వందల కిలోమీటర్ల పైన. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ భుజానికి తాడేసుకుని లాగడం.

ఎక్కడమంటే లాకులో ఎక్కడం ఒక్కటే కాదు, లాకుకీ లాకుకీ మధ్య ఎదురీత. అసలు చిక్కు ఇదే. వరి చేనుకి పారే నీళ్ళు కావాలి. పడవకి నిలబడ్డ నీళ్ళు కావాలి. నిలకడ నీటిలో గంటకి మూడు కిలోమీటర్లు లాగే మనుషులు, ప్రవాహం గంటకి రెండు కిలోమీటర్లుంటే అదే శ్రమతో ఒక్క కిలోమీటరే ముందుకి పోతారు. పోనీ ప్రవాహం తగ్గిద్దామంటే గోదావరి ఒండ్రు అడుగున దిగి కాలువ పూడిపోతుంది, పైగా శివారు చేలకి నీళ్ళందవు. కాలువ ఒకటే, యజమానులు ఇద్దరు, ఇద్దరి కోరికలూ ఎదురెదురు.

లాకు తాగే నీళ్ళ సంగతి కూడా చూడండి. 45 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల దిగుడు ఉన్న లాకు అనుకుంటే, ఒక్కసారి నింపి వదిలితే 5 లక్షల 40 వేల లీటర్లు. ఒక ఎకరం చేలో అయిదంగుళాల నీరు పెట్టినంత. కాకపోతే ఆ నీళ్ళు వృథా కావు, కింది కాలువలోకి పోయి కింది రైతుకి పనికొస్తాయి. సముద్రానికి ఆనుకున్న చివరి లాకులోనే నిజంగా పోతాయి. అయినా తన వంతు నీటి కోసం రాత్రుళ్ళు గట్టు మీద కాపలా పడుకున్న రైతుకి ఈ లెక్క చెప్పి చూడండి. ఎకరం నీళ్ళు పడవ కోసం వదిలారన్న మాటే అతనికి వినిపిస్తుంది.

ఆ తర్వాత, ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. దాళ్వా, అంటే రెండో పంట వరి, అయిపోయాక పూడిక తీయడానికి, తూములు బాగుచేయడానికి అది అవసరం. పడవ ఆ నెలలన్నీ బురదలో కూర్చుంటుంది. పడవల వ్యాపారం చావడానికి ఇదే కారణమని నేను చాలాకాలం నమ్మాను. ఆల్మాలో లాకు పక్కన చలికాలం ఫొటో ఒకటి చూశాక ఆ నమ్మకం సడలింది. అక్కడా ఏటా డిసెంబరు నుంచి మార్చి దాకా ఇంచుమించుగా అంతే. నది గడ్డకడుతుంది, లాకులు మూసి మరమ్మతులు చేసుకుంటారు. మరి ఆ వ్యాపారం ఎలా నిలబడింది?

నాకు తోచిన జవాబు లాకు వెడల్పులో ఉంది. గది ఎంతో పడవ అంతే, పడవ ఎంతో కిరాయి అంతే. మన లాకులు కట్టిన రోజుల్లో పోటీ ఎడ్లబండితో. బండి మోసేది టన్ను లోపే. కాలువ పడవ పదుల టన్నులు మోసేది, అంటే ముప్పై నలభై బళ్ళకి సమానం. గొప్ప లాభం. ఇవాళ అదే పడవ ఒకటి రెండు లారీలకి సమానం. లారీ తెల్లారేసరికి చెన్నైలో ఉంటుంది, గుమ్మం ముందు దింపుతుంది. మిసిసిపీలో ఒక్క బార్జీ 1,500 టన్నులు పడుతుంది. మేం క్యూలో చూసిన ఆ పదిహేనూ కలిపి ఇరవై వేల టన్నుల పైన మొక్కజొన్నో, సోయానో. ఎనిమిది వందల లారీలు ఒకే టగ్ వెనక వచ్చినట్టు లెక్క. వాళ్ళు లాకు కట్టింది రైళ్ళు వచ్చిన అరవై డెబ్బై ఏళ్ళ తర్వాత. రైలుతో పోటీ ఎంతో తెలిసి, ఆ కొలతకి కట్టారు. మనవి రైలు రాకముందు బండిని చూసి కట్టినవి. 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద రైలు గోదావరి దాటాక కూడా పడవలు వెంటనే పోలేదు, దశాబ్దాలపాటు ధాన్యం, కట్టెలు, కొబ్బరి మోస్తూనే ఉన్నాయి. రైలు నడ్డి విరిచింది, ప్రాణం తీసింది లారీ.

ఇంగ్లండులో చాలా కాలువల లాకులు ఇంకా ఇరుకు, ఏడడుగులే. ఆ పడవ గుర్రం లాగితే ముప్పై టన్నుల లోపు. అవీ సరుకు రవాణాకి పనికిరాకుండా పోయాయి. కానీ అక్కడ సెలవులకి వచ్చినవాళ్ళు పడవ అద్దెకి తీసుకుని, ఎవరి లాకు వాళ్ళే తీసుకుంటూ, గంటకి ఐదారు కిలోమీటర్లు పోతూ వారాలు గడుపుతారు. చిన్న లాకుకి అలాంటి రెండో జీవితం ఉంది. అయితే ఆ కాలువల నీళ్ళ కోసం ఎదురుచూసే వరిచేలు లేవన్నది మరిచిపోకూడదు.

బకింగ్‌హాం కాలువ కథ కొంచెం వేరు. అది పొలాలకి నీళ్ళిచ్చే కాలువ కాదు, పూర్తిగా పడవలదే. 1806లో మద్రాసు దగ్గర కాక్రేన్ అనే ఆయన పేరుతో చిన్న ఉప్పునీటి కాలువగా మొదలై, 1876–78 ధాత కరువులో పనికి ఆహారంలా కూలీలతో తవ్వించి పొడిగించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. సముద్రానికి సమాంతరంగా ఇసుక దిబ్బల వెనక పోతుంది కాబట్టి అక్కడ ఎక్కడానికి ఎత్తేమీ లేదు. ఆ లాకులు ఆటుపోట్ల కోసం. పాటు సమయంలో కాలువ ఖాళీ అయిపోకుండా నీళ్ళు పట్టి ఉంచడానికి, నదుల్ని దాటేచోట వరదనీ ఇసుకనీ ఆపడానికి. నెల్లూరు తీరం ఉప్పు, సరుగుడు కట్టెలు ఆ దారినే మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళాయి. ఇద్దరు యజమానుల గొడవ లేకపోయినా అదీ చచ్చింది. 1960ల తుపానులు గట్లు కొట్టేశాయి, ఇసుక పూడ్చింది, చెన్నైలో మురికినీరు నింపారు. తర్వాత అక్కడి ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలు స్తంభాల్ని కాలువలోనే పాతారు. రైలు కాలువని చంపింది అన్న మాటకి ఇంతకంటే అక్షరార్థం ఉండదు.

వీటన్నిటికంటే నాకు జాలేసేది దుమ్ముగూడెం. భద్రాచలానికి ఎగువన గోదావరిలో పెద్ద రాతిబండల అడ్డంకి ఉంది. నాగపూర్, బేరార్ పత్తిని పడవల్లో సముద్రానికి తేవాలని కాటన్, ఆయన తర్వాత హెయిగ్ అనే ఇంజినీరు, ఆ బండల పక్కనుంచి కాలువా లాకులూ కట్టడం మొదలుపెట్టారు. అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకి పత్తి కరువైన రోజులవి, డబ్బు వచ్చింది. పైన ఇచ్చంపల్లి దగ్గర ఇంకో అడ్డంకి, ఆ పైన మరొకటి. అడవి, జ్వరాలు, ఏడాదిలో కొన్ని నెలలే పని. యుద్ధం ముగిసింది, రైలు నాగపూర్ చేరింది. 1871లో పనులు ఆపేశారు. అక్కడ పడవ, పైరు గొడవే రాలేదు, మెట్ల వరస పూర్తి కాలేదు, అంతే. మూడు మెట్లున్న చోట ఒక మెట్టు కట్టి ఆపితే అది దారి అవదు.

2008 నవంబరులో కాకినాడ–పుదుచ్చేరి కాలువల్నీ, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరినీ, వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణనీ కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టంలో దేశంలో జాతీయ జలమార్గాలు 111 అయ్యాయి. పేపర్లో చదివినప్పుడల్లా ‘పాత కాలువ ఉందిగా, పూడిక తీస్తే చాలు’ అనిపిస్తుంది. పూడిక తీయడం అందులో తేలిక భాగం. వందల టన్నుల బార్జీ పోవాలంటే పాత లాకు పట్టదు, పెద్దది కొత్తగా కట్టాలి. లాకు పెద్దదైతే ప్రతిసారీ వదిలే నీళ్ళూ పెరుగుతాయి. కాలువ వెడల్పు చేయాలంటే గట్ల మీద మూడు తరాలుగా ఉంటున్న ఇళ్ళు తీయాలి. పడవలు లేవన్న ధైర్యంతో ప్రతి ఊళ్ళో కిందికి కట్టేసిన వంతెనలు ఎత్తాలి. వేసవిలో కట్టేయడం మానితే మరమ్మతు ఎప్పుడు? వీటిలో ఏ ఒక్కటీ అసాధ్యం కాదు. కాకపోతే వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న 170 ఏళ్ళ నాటిదే, నీళ్ళు తక్కువైన రోజు ఎవరి మాట చెల్లాలి? డెల్టాలో దానికి జవాబు అందరికీ తెలుసు. నా మటుకు నాకు అది తప్పని అనిపించదు. అన్నం పెట్టేది పడవ కాదుగా. నదిలో అయితే వేరు. కృష్ణ, గోదావరి నదుల నిండు భాగాల్లో ఈ గొడవ అంత ఉండదు కాబట్టి, జలమార్గం పని మొదట కృష్ణలో ముక్త్యాల–విజయవాడ మధ్య తలపెట్టారంటే ఆశ్చర్యం లేదు.

మిసిసిపీలో అంతా సవ్యంగా ఉందని కాదు. నదిని చెరువులుగా మార్చాక ఒండ్రు దిగి పక్క మడుగులు పూడుతున్నాయి, లంకలు అలలకి కరిగిపోతున్నాయి. మినియాపొలిస్‌లో అన్నిటికంటే పైనున్న సెయింట్ ఆంథొనీ ఎగువ లాకుని 2015లో మూసేశారు. కారణం చేపలు! మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచే గడ్డిచేప, సిల్వర్ కార్ప్ జాతులు అక్కడ తప్పించుకుని నదిలో పడి, దక్షిణం నుంచి లాకు తర్వాత లాకు దాటుకుంటూ పైకొస్తున్నాయి. పడవ కోసం తీసిన తలుపు చేపకీ తెరిచే ఉంటుంది కదా. మోటారు చప్పుడుకి సిల్వర్ కార్ప్ నీళ్ళలోంచి ఎగిరి పడవలో పడుతుందని మా వాడు చెబితే, పులుసుకి ఖర్చు లేదన్నమాట అన్నాను. వాడు నవ్వలేదు. ఆ నదికి అదొక పెద్ద టెన్షన్.

తిరుగు ప్రయాణంలో అదే లాకు ఎక్కాం. ఈసారి క్యూ లేదు. గదిలో నీళ్ళు నిండుతుంటే, కిందినుంచి ఎవరో అరచేతిలో పెట్టుకుని ఎత్తుతున్నట్టుంది. “మన లాకుల్లో ఇలా ఒకసారి వెళ్దాం మావయ్యా, చిన్న పడవ చాలుగా” అన్నాడు వాడు. చిన్న పడవైనా మొదటి తక్కువ ఎత్తు వంతెన దాకే వెళ్తామని చెప్పాను.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు టేపు పట్టుకుని మా లాకు దగ్గరికి పోయాను. ఎగువ తలుపుల చోట సిమెంటు పలకలు దించేసి ఉన్నాయి. గది అంచు రాళ్ళ మీద పడవ తాళ్ళు ఒరిసి ఒరిసి పడ్డ గాడులున్నాయి, బొటనవేలు పడుతుంది. వెడల్పు కొలిచాను, ఇరవై అడుగులకి రెండంగుళాలు తక్కువ. గట్టు మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ చాలాసేపు చూసి దగ్గరికొచ్చింది.

“సర్వేవోళ్ళాండీ? వంతెన వెడల్పు చేత్తారా?”

కాదమ్మా, ఊరికే కొలుస్తున్నానని చెప్పాను.

“చేయించండి బాబూ, కాలేజీ బస్సు తిరగటం లేదు” అంది.